గొర్రెను బట్టి వంట

మా ఊరి మహిళా సంఘం నడుపుతున్న భోజనశాలకు మాంసం ఎక్కడి నుంచి తేవాలన్న చర్చ వచ్చినప్పుడల్లా, మన చుట్టుపక్కల మందల నుంచే కొనాలన్న మాట మీద నేను గట్టిగా నిలబడతాను. 2019 పశుగణనలో సుమారు 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. అలాంటి నేల మీద, మన పొలాల్లో మేసిన గొర్రె దళారుల చేతులు మారి పట్నం చేరి, మాంసమై మళ్ళీ మన వంటశాలకే రావడం గొల్ల కురుమలకు గానీ తినేవారికి గానీ మేలు చేయదు.

అసలు చిక్కంతా ధర దగ్గరే ఉంది. నడుము మీద చెయ్యి వేసి, ఒకసారి పైకెత్తి చూసి, అంచనా మీద బేరమాడడం మందల దగ్గర పాత అలవాటు. ఆ అంచనాలో బేరగాడు ఆరితేరి ఉంటాడు కనుక నష్టం చాలావరకు కాపరికే వస్తుంది. అందుకే మేము పొట్టేలును కాటా మీద తూచి, కిలో లెక్కన కొంటున్నాం. 25 కిలోల పొట్టేలును కోస్తే దాదాపు 12 కిలోల మాంసం వస్తుంది. తలకాయ, కాళ్ళు, బోటి వేరు. తొడ మాంసం మాత్రమే వండితే మిగిలినదంతా నష్టమే కనుక, తలకాయ కూర, కాళ్ళ పులుసు, బోటి వేపుడు కూడా అమ్ముడుపోయేలా వంటలను నిర్ణయించుకున్నప్పుడే కాపరికి మంచి ధర కట్టగలం. బోటి కోసమే పక్క ఊళ్ళ నుంచి జనం రావడం నాకెంతో సంతోషాన్నిస్తుంది.

గొర్రెలను ఉన్నట్టుండి చంపే చిటుకు రోగానికి టీకా వేశారా, కడుపులో పురుగులు పోయే నట్టల మందు ఎప్పుడు తాగించారు అన్నవి సంతలో లారీ దిగిన గొర్రె గురించి ఎవరూ చెప్పలేరు. మంద కాపరి చెప్పగలడు. మందు ప్రభావం తీరే గడువు దాటాకే ఆ జీవాన్ని తీసుకోవాలి. కోతకు ముందు పశువైద్యుడికి చూపించాలి. చూలు గొర్రెను కోయడం నిబంధనలకు విరుద్ధం.

దసరాకు ధర ఎగసి, శ్రావణ, కార్తీక మాసాల్లో పడిపోతుంది కనుక ఏడాది పొడవునా ఒకే ధర ముందుగా మాట్లాడుకోవడం ఇద్దరికీ మంచిది. ఎండాకాలంలో మందలు మేత వెతుక్కుంటూ దూరం వెళ్ళిపోయినప్పుడు, ఎక్కడిదో తెలియని మాంసం తెచ్చి వండడం కన్నా ఆ వారం నాటుకోడితోనో చెరువు చేపతోనో సరిపెట్టి, ఆ సంగతి ముందుగానే పలక మీద రాసి పెట్టడం సరైన పని అని నా అభిప్రాయం.