గది చల్లబడనప్పుడు: గ్యాస్ నింపించే ముందు చూడవలసినవి

మా ఇంట్లోని ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ వరుసగా రెండు వేసవుల్లో ఒకే విధంగా మొరాయించింది. రెండుసార్లూ వచ్చిన మెకానిక్ పది నిమిషాలు చూసి, "గ్యాస్ అయిపోయిందండి, నింపితే సరిపోతుంది" అని చెప్పి, నింపి వెళ్లిపోయారు. రెండుసార్లూ ఆ వేసవి గడిచేదాకా గది చల్లగానే ఉంది. మూడో ఏడు ఏసీ మళ్లీ వేడిగాలి కొట్టడం మొదలుపెట్టి, ఫోనులోనే "గ్యాస్ అయిపోయి ఉంటుందండి" అన్న మాట వినిపించినప్పుడు, ముందే అడగవలసిన ప్రశ్న నాకు అప్పుడు తట్టింది: ఇంతకూ ఆ గ్యాస్ ఎక్కడికి పోతోంది?

పెట్రోలు మండి ఖర్చయినట్లు ఏసీలోని గ్యాస్ ఖర్చు కాదు. అది అన్ని వైపులా మూసి ఉన్న రాగి గొట్టాల వలయంలో తిరుగుతూ, గదిలోని కాయిల్‌లో ఆవిరవుతూ వేడిని పీల్చుకొని, బయటి యూనిట్ కాయిల్‌లో మళ్లీ ద్రవంగా మారుతూ ఆ వేడిని వదిలివేస్తుంది. ఎక్కడా కారకపోతే యంత్రం పనిచేసినన్నాళ్లూ అదే గ్యాస్ సరిపోతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఆ చోటు వెతకకుండా కొత్తది నింపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. పైగా తిరిగివచ్చే చల్లని గ్యాసే, దాన్ని నొక్కి గొట్టాల్లో తిప్పే కంప్రెసర్‌ను కూడా చల్లబరుస్తుంది కాబట్టి, గ్యాస్ తక్కువగా ఉండగా ఏసీని నెలల తరబడి నడిపితే చివరికి దెబ్బతినేది కంప్రెసరే.

అయితే ప్రతి ఏసీ జబ్బుకూ గ్యాసే కారణమని అనుకోవడం కూడా పొరపాటే. అందుచేత ఈసారి మెకానిక్‌ను పిలిచే ముందు, నా చేతిలో ఉన్నవన్నీ వరుసగా పరీక్షించాలని నిశ్చయించుకున్నాను. రిమోట్‌లో కూల్ మోడ్ ఉందా లేక పొరపాటున ఫ్యాన్ మోడ్‌కో, డ్రై మోడ్‌కో మారిందా అన్నది మొదట చూడాలి. ఆపి వెంటనే ఆన్ చేస్తే కంప్రెసర్ తన రక్షణ కోసం దాదాపు మూడు నిమిషాలు ఆగుతుంది. ఆ వ్యవధిని చెడిపోవడంగా భావించి పదేపదే స్విచ్ నొక్కకూడదు.

తరువాతిది ఫిల్టర్. దీన్ని చాలామంది శుభ్రతకు సంబంధించిన చిన్న విషయంగా చూస్తారు గాని, చల్లదనమంతా దానిమీదే ఆధారపడి ఉంటుంది. దుమ్ముతో ఫిల్టర్ పూడుకుపోతే గదిలోని గాలి కాయిల్ మీదుగా తగినంత వెళ్లదు. వేడి అందని కాయిల్ సున్నా డిగ్రీలకు దిగువకు పడిపోయి, గాలిలోని తేమ దానిమీద మంచుగా పేరుకుంటుంది. ఆ మంచు మిగిలిన గాలిని కూడా అడ్డుకుంటుంది. లోపల మంచుగడ్డ ఉన్నా గది మాత్రం ఉక్కపోస్తుంది. అలాంటప్పుడు కూల్ మోడ్ ఆపి, ఫ్యాన్‌ను మాత్రమే కొన్ని గంటలు నడిపి మంచును కరగనివ్వాలి. చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకితే పలుచని గొట్టానికి చిల్లు పడుతుంది, అప్పుడు లేని లీకును మనమే తెచ్చుకున్నవాళ్లమవుతాం. మా ఫిల్టర్లు నెల తిరక్కముందే కడిగినవి, కాబట్టి ఆ అనుమానం తీరిపోయింది.

ఇక నాకు అన్నిటికంటే ఉపయోగపడినది ఒక మామూలు డిజిటల్ థర్మామీటర్. ఉష్ణోగ్రతను 16 డిగ్రీలకు తగ్గించి, తలుపులు మూసి పదిహేను నిమిషాలు నడిపాక, ఇండోర్ యూనిట్ పైభాగంలోకి వెళ్లే గాలినీ, కిందినుంచి వచ్చే గాలినీ కొలవాలి. ఆరోగ్యంగా ఉన్న యంత్రంలో ఈ రెంటికీ సుమారు 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటుంది. గాలిలో తేమ బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ తేమను నీరుగా మార్చడానికే కొంత శక్తి ఖర్చవుతుంది కాబట్టి తేడా కొంచెం తగ్గవచ్చు. మా ఇంట్లో లోపలికి వెళ్లే గాలి 31, వచ్చే గాలి 27. నాలుగు డిగ్రీల తేడా తేమ వల్ల వచ్చేది కాదు.

తేడా సరిగ్గా ఉండి కూడా గది చల్లబడకపోతే దోషం యంత్రంలో ఉండదు, గదిలో ఉంటుంది: ఎండకు కాగే పైకప్పు, తెర లేని పడమటి కిటికీ, తలుపు కింది సందు. ఒక టన్ను ఏసీ అంటే సుమారు 3.5 కిలోవాట్ల చొప్పున వేడిని బయటికి తోడగలది. అంతకు మించిన వేడి లోపలికి వస్తుంటే ఎంత మంచి యంత్రమైనా ఓడిపోతుంది.

బయటి యూనిట్ దగ్గరికి వెళ్లినప్పుడు చెవులకు పని చెప్పాలి. ఫ్యాన్ తిరుగుతున్నా కంప్రెసర్ మోత వినిపించకపోతే, లేదా గుర్రుమని కొద్దిసేపు మూలిగి ఆగిపోతుంటే, ఇన్వర్టర్ లేని సాధారణ ఏసీల్లో ముందుగా అనుమానించవలసింది, మోటారు తిరగడానికి తోడ్పడే కెపాసిటర్‌ను. అది చిన్న భాగమే, మార్చడం తేలికే, కాని కరెంటు తీసేసిన తరువాత కూడా అందులో విద్యుత్తు నిలిచి ఉంటుంది కాబట్టి తెలియనివారు మూత విప్పకూడదు. వెనకవైపు రేకుల్లో దుమ్ము, దూది పేరుకుంటే వేడి సరిగా బయటికి పోదు, ముందువైపు గోడో సామానో అడ్డుగా ఉంటే వదిలిన వేడిగాలినే యూనిట్ మళ్లీ పీల్చుకుంటుంది. బ్రేకర్ ఆపి, ఒత్తిడి ఎక్కువ లేని నీటిధారతో రేకులు వంగకుండా కడగవచ్చు. మా యూనిట్ శుభ్రంగానే ఉంది, కంప్రెసరూ నడుస్తోంది.

నా సమాధానం గొట్టాల దగ్గర దొరికింది. బయటి యూనిట్ పక్కన వాల్వులకు బిగించిన రెండు రాగి గొట్టాల్లో లావుది చల్లగా, చెమట పట్టి ఉండాలి. మాది గోరువెచ్చగా ఉంది. సన్నగొట్టం మొదట్లో మాత్రం తెల్లని మంచు కట్టింది. గ్యాస్ తగ్గినప్పుడు కనిపించే గుర్తు ఇదే: ఉన్న కొద్దిపాటి గ్యాస్ కాయిల్‌లోకి చేరీ చేరకముందే ఆవిరైపోయి, మిగతా దారంతా పని లేకుండా తిరిగివస్తుంది. అంటే మెకానిక్ చెప్పినదాంట్లో సగం నిజమే. మిగిలిన సగం ఆ పక్కనే ఉంది. గరాటులా విప్పిన సన్నగొట్టం కొసను వాల్వుకు బిగించే ఫ్లేర్ నట్టు చుట్టూ దుమ్ము నల్లగా, జిడ్డుగా అంటుకుని ఉంది. కంప్రెసర్ నూనె గ్యాస్‌తోపాటే తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ కారే చోట నూనె మరక మిగులుతుంది. ఏసీ ఆపి సబ్బునురగ రాయగానే నట్టు అంచున బుడగలు ఒకటొకటిగా ఉబ్బసాగాయి. రెండేళ్లుగా ఆ బుడగలకే నేను డబ్బు కడుతున్నానని అప్పుడు అర్థమై నిజంగా బాధ కలిగింది. అందులోనూ ఆర్-32 అనే ఆ వాయువు బరువుకు బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే వందేళ్ల కాలంలో సుమారు 675 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది.

ఈసారి మరొక మెకానిక్‌ను పిలిచి, గ్యాస్ సంగతి ఎత్తకుండా ముందు ఆ నట్టును చూపించాను. ఆయన మిగిలిన గ్యాస్‌ను ఖాళీ సిలిండర్‌లోకి తీసి, చీలిన గొట్టం కొసను కోసి కొత్తగా ఫ్లేర్ చేసి, నైట్రోజన్ నింపి ఒత్తిడి నిలుస్తోందో లేదో చూసి, ఆ తరువాత వాక్యూమ్ పంపు పెట్టి గొట్టాల్లోని గాలినీ తేమనూ లాగేశారు. ఈ చివరి పనిని తొందరలో దాటవేసేవారు ఉంటారు, అక్కడ మాత్రం మనం పట్టుబట్టాలి. లోపల మిగిలిన గాలి ద్రవంగా మారదు కనుక ఒత్తిడిని అనవసరంగా పెంచుతుంది. తేమ నూనెతో కలిసి క్రమంగా ఆమ్లంగా మారి కంప్రెసర్ మోటారులోని తీగ చుట్టలను తినేస్తుంది. గ్యాస్‌ను ఆయన ఒత్తిడి మీటరు ముల్లు చూసి కాకుండా, యూనిట్ మీది పట్టీలో రాసి ఉన్న బరువు ప్రకారం త్రాసు మీద తూచి నింపారు. అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునే ఇన్వర్టర్ ఏసీలో ఆ వేగంతోపాటు ఒత్తిడి కూడా మారుతుంది కాబట్టి మీటరును మాత్రమే నమ్మి నింపితే ఎక్కువో తక్కువో అవుతుంది.

ఆ రోజు తేదీ, నింపిన బరువు, యూనిట్‌లోకి వెళ్లే, వచ్చే గాలుల ఉష్ణోగ్రతలు ఒక కాగితం మీద రాసి ఇండోర్ యూనిట్ మూత లోపల అతికించాను. ఇది జరిగి ఇప్పటికి రెండు వేసవులు దాటాయి. మొన్న ఆదివారం ఫిల్టర్లు కడిగి మళ్లీ కొలిచాను: వెళ్లే గాలి 30, వచ్చే గాలి 19. ఆ అంకెలను కూడా కింద రాసి మూత వేశాను.