బెలుం గుహలో బావ చెప్పిన సముద్రం సంగతి

అనంతపురంలో ఉంటూ బెలుం గుహలు చూడలేదంటే నవ్వుతారు గానీ, దగ్గర్లో ఉన్నవి ఎప్పుడూ అంతే, రేపు పోదాంలే అనుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి. మొన్న సెలవు మీద వచ్చిన బావ మాత్రం పొద్దున్నే కారు తీశాడు. తాడిపత్రిలో ఆగి ఉగ్గాని, బజ్జి తిన్నాం. అక్కడి నుంచి ఇంకో 30 కిలోమీటర్లు ఉంటుంది. దారిలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలు, చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి బండపొడి. బోర్డుల మీద ఇప్పుడు నంద్యాల జిల్లా అని ఉన్నా, మా ఇంట్లో పెద్దవాళ్లకు ఇది ఇంకా కర్నూలు జిల్లానే.

అక్కడ గుహ ఉందని పైనుంచి చూస్తే నమ్మబుద్ధి కాదు. కొండా లేదు, గుట్టా లేదు. చదును నేలలో పెద్ద పెద్ద గుంతలు, వాటిలో ఒకదాంట్లోకి మెట్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల సంగతి రాసిపెట్టాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లకు జర్మనీ నుంచి గెబాయర్ బృందం వచ్చి లోపలంతా కొలిచింది. మొత్తం 3,229 మీటర్లు. మనల్ని పోనిచ్చేది అందులో సగం లోపే.

టికెట్లు తీసుకున్నాక బావ డిక్కీ తెరిచి నాలుగు టార్చిలు బయటికి తీశాడు. ఒక్కోదాన్నీ వెలిగించి, ఆర్పి, రెండు నాకిచ్చాడు.

"లోపలంతా లైట్లే కదా బావా?"

"ఉంటే ఉండనీ. జేబులో వేసుకో."

నాకు నవ్వొచ్చింది. మా పక్క ఇలాంటి జాగ్రత్తను పిరికితనం కిందే జమ కడతారు. బావ కూడా అదే రకం మనిషి. చిన్నప్పుడు నడుముకు బెండు కట్టుకోమంటే కట్టుకోకుండా మోటబావిలోకి దూకి, తాతతో తన్నులు తిన్నవాడు. అలాంటోడు ఇలా ఎందుకు మారాడో లోపలికి పోయాక గానీ తెలియలేదు.

గుహలో ఉక్క చెప్పలేను. సింహద్వారం దాటేసరికే చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అక్కడక్కడ గొట్టాల్లోంచి పైగాలిని లోపలికి వదులుతున్నారు. వాటి కింద నిలబడ్డవాళ్లు ఒక పట్టాన కదలరు. కోటిలింగాలు చూసి, వంగి వంగి నడిచి, చివరికి పాతాళగంగకు దిగాం. గుహలో అన్నిటికన్నా లోతైన చోటు అదే, 46 మీటర్లు. సన్నటి ధార ఒకటి వచ్చి రాళ్లలోకి మాయమైపోతుంది.

ఆ లోతు చూసి బావ అన్నాడు, "సరదాకి స్కూబా చేసేవాళ్లు, అంటే గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగేవాళ్లు, 40 మీటర్లు దాటి దిగకూడదు. మనం ఇప్పుడు అంతకన్నా కిందున్నాం. ఇక్కడ గాలి కాబట్టి ఏమీ తెలియట్లేదు. అదే నీళ్లయితే ప్రతి 10 మీటర్లకూ ఇంకో వాతావరణమంత ఒత్తిడి మీద పడుతుంది."

అండమాన్‌లో జరిగింది అప్పుడు బయటపెట్టాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. కోర్సు పూర్తి చేసిన ఉత్సాహంలో స్వరాజ్ ద్వీప్ దగ్గర నీళ్లలోకి దిగాడు. పడవలో ఎవరో సాయం చేస్తూ సిలిండర్ వాల్వును మూసి, మళ్లీ తెరిచేటప్పుడు కొంచెమే తిప్పి వదిలేశారు. పైన పీల్చి చూస్తే గాలి బాగానే వచ్చింది. సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే గేజ్‌లో ముల్లు 200 దగ్గర ఉంది, అంటే నిండుగానే ఉన్నట్టు. 18 మీటర్లకు చేరాక ఊపిరి బరువైంది. అక్కడ ఒక్కో శ్వాసకు పైన కన్నా దాదాపు మూడింతల గాలి కావాలి, ఆ సందులోంచి అంత రాదు. గేజ్ చూసుకుంటే, పీల్చినప్పుడల్లా ముల్లు పడిపోతోంది, వదలగానే మళ్లీ లేస్తోంది.

"పైకి ఒక్క తన్ను తన్నేద్దామనిపించింది రా. అట్లా చేసుంటే..."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

అలాంటి చీకటి నేనెప్పుడూ చూడలేదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఎక్కడో ఒక పిల్లవాడు గట్టిగా ఏడ్చాడు. వెనకనుంచి ఎవరో తోసుకుంటూ మెట్లవైపు కదిలారు. ఆ మెట్లు తడిగా ఉన్నాయి. గైడ్ "ఎక్కడోళ్లు అక్కడే నిలబడండి" అని అరిచాడు. బావ టార్చి వెలిగించి, ఎవరి కళ్లలోనూ పడకుండా మెట్ల మీదికే వేసి పట్టుకున్నాడు. నా చెయ్యి వణుకుతోంది, స్విచ్ దొరకలేదు. "ముందు ఊపిరి మెల్లగా వదులు. తర్వాత వెతుక్కో" అన్నాడు. దొరికింది. గైడ్ మమ్మల్నందర్నీ లెక్కపెట్టి, పిల్లల్ని ముందు ఎక్కించాడు. మేం సగం మెట్లు ఎక్కేలోపే లైట్లు వచ్చాయి. పైన గాలివాన పట్టుకుందని తర్వాత తెలిసింది.

బయట టీ తాగుతూ మిగతా కథ అడిగాను. ఊపిరి బిగబట్టి పైకి లేస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగిపోతాయట, అందుకే తన్నేయలేదు. పిడికిలి గుండెకు ఆనించి చూపించాడు, గాలి తక్కువైందని దాని అర్థం. జతగా దిగినవాడు తన దగ్గరున్న అదనపు పసుపు గొట్టం నోటికి అందించాడు. ఇద్దరూ ఒకరి జబ్బ ఒకరు పట్టుకుని నిమిషానికి 9 మీటర్ల లెక్కన లేచి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి మరీ పైకి వచ్చారు. ఒంట్లోకి చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవడానికి ఆ ఆగడం.

"ఇప్పుడు వాల్వు ఎవరు తిప్పినా మళ్లీ నేనే తిప్పి చూసుకుంటా. ముల్లు మీద కళ్లు పెట్టి గట్టిగా నాలుగుసార్లు పీలుస్తా. అది కదిలితే దిగను. పడవలో అందరూ నవ్వుతారు, నవ్వనీ."

డిసెంబర్‌లో మళ్లీ పోతున్నాడట, నన్నూ రమ్మన్నాడు. కోర్సులో చేరేముందు ఆరోగ్యం గురించి ఫారం నింపాలి, అందులో ఆస్తమా సంగతి అడుగుతారు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. లేదని రాసేస్తే ఎవరికి తెలుస్తుంది అన్నాను. బావ టీ గ్లాసు కింద పెట్టి, "ముందు డాక్టర్ దగ్గర కాగితం తెచ్చుకో, తర్వాత టికెట్ సంగతి" అన్నాడు. సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అక్కకు మాత్రం ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు.