లీనియా టీ-జెట్‌కి వైడ్‌బ్యాండ్ గేజ్: ఎంపిక, బిగింపు, మొదటి రీడింగులు

ఫియట్ లీనియా టీ-జెట్ కారులో బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచాలనుకున్నప్పటి నుంచీ ముందు ఎయిర్-ఫ్యూయల్ గేజ్ (గాలి, పెట్రోలు ఏ పాళ్లలో కలుస్తున్నాయో చూపే మీటరు) పెట్టాకే అని గట్టిగా ఉన్నాను. టర్బో బండిలో ఫుల్ త్రాటిల్ మీద పెట్రోలు చాలకపోతే నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది. అది చెవిన పడేసరికే పిస్టన్ దెబ్బతినొచ్చు.

నారోబ్యాండ్ సెన్సర్ వోల్టేజీని చూపించే చవక గేజ్‌ల జోలికి వెళ్లకండి. ఆ సెన్సర్ ల్యాంబ్డా 1 (పెట్రోలు పూర్తిగా కాలడానికి సరిగ్గా సరిపడా గాలి; 1 కన్నా తక్కువైతే పెట్రోలు ఎక్కువ, అంటే రిచ్) దగ్గర అటు 0.1 వోల్టుకీ ఇటు 0.9 వోల్టుకీ దూకుతూ ఉంటుంది. మిశ్రమం రిచ్ అని చెబుతుంది గానీ ఎంత రిచ్చో చెప్పదు. మనకి కావాల్సిందే ఆ ఎంత అన్నది.

ఆ ఎంతనీ కొలిచే వైడ్‌బ్యాండ్‌లలో వడపోస్తే చివరికి ఏఈఎం ఎక్స్-సిరీస్, ఇన్నోవేట్ ఎంటీఎక్స్-ఎల్ ప్లస్ మిగిలాయి. రెండూ 52 మి.మీ. సైజే, రెండింటిలోనూ బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సరే. పాత 4.2 రకం బయటి గాలిని ఆధారం చేసుకుని కొలుస్తుంది, ఆ గాలి వచ్చే దారిలో మురికి చేరితే లెక్క తప్పుతుంది. 4.9కి ఆ బెడద లేదు. రొయ్యల చెరువుల మధ్య, ఉప్పుగాలిలో తిరిగే మా కోనసీమ బండికి ఇది చిన్న విషయం కాదు. ఏఈఎం తీసుకున్నాను. దానికి ఫ్రీ-ఎయిర్ క్యాలిబ్రేషన్ (సెన్సర్‌ని బయటి గాలిలో పెట్టి సరిచూడటం) అక్కర్లేదు, అంకెలు పెద్దవి, మధ్యాహ్నం ఎండలోనూ చదవగలుగుతున్నాను.

గేజ్ కొనేవాళ్లు అన్నిటికన్నా ముందు చూడాల్సింది ల్యాంబ్డా చూపిస్తుందా లేదా అని. సెన్సర్ కొలిచేది ల్యాంబ్డానే. గేజ్ దాన్ని 14.7తో గుణించి ఏఎఫ్‌ఆర్‌గా, అంటే గాలి-పెట్రోలు నిష్పత్తిగా చూపిస్తుంది. ఆ 14.7 ఇథనాల్ కలవని పెట్రోలు లెక్క. ఇప్పుడు బంకుల్లో పోయించుకునే ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు) అసలు నిష్పత్తి దాదాపు 13.5. ల్యాంబ్డా 0.82 దగ్గర గేజ్ మీద 12.1 కనిపిస్తుంది, ఇంజిన్‌లో నిజంగా ఉన్నది 11.1. ఏ పెట్రోలు పోసినా ల్యాంబ్డా 1 అంటే 1 కాబట్టి గేజ్‌ని ఆ మోడ్‌లోనే పెట్టేశాను. ఎవరైనా "పన్నెండుకి ట్యూన్ చేయండి" అంటే ఏ పెట్రోలు మీద అని అడగండి.

సెన్సర్ స్థానం మీద చాలా జాగ్రత్త పడ్డాను. టర్బో ముందు పెడితే వేడి, ఒత్తిడి రెండూ ఎక్కువే. టర్బో తర్వాత కనీసం అడుగున్నర దూరం ఉండాలి, క్యాటలిటిక్ కన్వర్టర్‌కి మాత్రం ముందుండాలి. నా డౌన్‌పైపు (టర్బో నుంచి పొగ బయటికి వెళ్లే పైపు) విడిగా చేయించింది కాబట్టి రెండూ కుదిరాయి. ఎం18×1.5 మర ఉన్న స్టీలు బంగ్‌ని (సెన్సర్ బిగించే మర గుబ్బ) అమలాపురంలో ఆర్గాన్ వెల్డింగ్ చేయించాను. పైపుని గడియారంగా అనుకుంటే పదికీ రెండుకీ మధ్య ఉండాలి. "ఆయ్, కింద పెడితే పని తేలికండి" అన్నాడు వెల్డరు. కింద పెడితే తెల్లవారి స్టార్ట్ చేయగానే పైపులో చేరిన నీరు కాలుతున్న సెరామిక్ మీద పడి సెన్సర్ పగులుతుందని చెప్పాక పైకి తిప్పాడు. కరెంటు ఇగ్నిషన్ లైను నుంచి, విడి ఫ్యూజుతో ఇచ్చాను. ఇంజిన్ నడుస్తున్నప్పుడు హీటర్‌కి కరెంటు లేకపోతే సెన్సర్‌కి మసి పట్టేస్తుంది.

మా డెల్టా అంతా చదునే, ఘాట్ ఎక్కించి లోడు చూసే వీల్లేదు. అందుకని తెల్లవారుజామున 216 హైవే మీద నాలుగో గేరులో 2000 ఆర్‌పీఎం నుంచి నిండా తొక్కాను. రీడింగులు చదవడానికి మా బావమరిది పక్క సీట్లో కూర్చున్నాడు. "బావా, పాయింట్ ఎయిట్ ఫోర్... ఎయిట్ టూ... అక్కడే నిలబడింది." ఐడిల్‌లో 0.99కీ 1.01కీ మధ్య ఊగుతోంది. కంపెనీ బూస్ట్ మీద మిశ్రమం బాగానే ఉంది.

ఇక గేజ్ 0–5 వోల్టుల వైరుని లాగర్‌కి (రీడింగుల్ని రికార్డు చేసే పరికరం) కలపాలి. ల్యాంబ్డాకి సూత్రం: వోల్టులు × 0.1621 + 0.4990. బూస్ట్, ల్యాంబ్డా రెండూ ఒకే గ్రాఫ్‌లో కనపడేదాకా బూస్ట్ కంట్రోలర్‌ని ముట్టుకోను.