ట్రావెలర్ వ్యాన్‌లో ఫ్రిజ్: తీగ మందం దగ్గరే తేడా కొట్టింది

నా ట్రావెలర్ వ్యాన్‌లో ఇంట్లో వాడే చిన్న ఫ్రిజ్, దానికో ఇన్వర్టర్ పెట్టమని చాలామంది చెప్పారు. నేను వద్దనుకున్నాను. ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా 10-20 వాట్లు తింటుంది. పైగా ఇంటి ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు మామూలుకన్నా నాలుగైదు రెట్లు కరెంటు లాగుతుంది. అందుకే పైనుంచి మూత తెరిచే 45 లీటర్ల 12 వోల్టుల ఫ్రిజ్ తీసుకున్నాను. మూత తీసినా చల్లగాలి అడుగునే ఉంటుంది.

కంప్రెసర్ తిరిగేటప్పుడు 5 ఆంపియర్లు లాగుతుంది. హైదరాబాద్ మే ఎండకు సగం సేపు తిరుగుతుందనుకుంటే రోజుకు 60 ఆంపియర్ అవర్లు. దానికి 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సరిపోయింది. నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు మంట అంటుకునే హైడ్రోజన్ వదులుతుంది. పడుకునే చోట అది ఉండకూడదు.

తిప్పలు పడింది వైరింగ్‌తో. మొదట వైరింగ్ చేసినవాళ్లు ఇంటికి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగి, చివర సిగరెట్ లైటర్ సాకెట్ బిగించారు. కంప్రెసర్ మొదలయ్యేది, రెండు సెకన్లలో ఆగిపోయేది. బ్యాటరీ పాడైందేమో అన్నారు. మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 12.8 వోల్టులు, సాకెట్ దగ్గర స్టార్టయ్యే క్షణంలో 11. ఫ్రిజ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ (వోల్టేజీ తగ్గితే ఫ్రిజ్‌ను ఆపే సెట్టింగు) 'హై' మీద ఉంది, ఆ వోల్టేజీకి అది ఆపేస్తోంది. దూరం 6 మీటర్లే అయినా పోనూ రానూ 12 మీటర్ల రాగి. 5 ఆంపియర్లకు వైరులోనే 0.7 వోల్టు పోతోంది, మిగతాది సాకెట్ మింగుతోంది. ముట్టుకుంటే ఆ ప్లాస్టిక్ వేడిగా తగిలింది.

రాణిగంజ్ నుంచి 6 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ రాగి వైరు, క్రింపింగ్ లగ్గులు తెచ్చి మార్పించాను. సాకెట్ తీసేసి నేరుగా కలిపాం. నెగెటివ్ కూడా బాడీకి కాకుండా బ్యాటరీకే వేశాం. 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, ఎందుకంటే అది కాపాడేది వైరుని. ఫ్రిజ్ దగ్గర పెడితే మధ్యలో వైరు షార్టయినప్పుడు ఆపేది ఏమీ ఉండదు. ఇప్పుడు వైరులో పోయేది 0.17 వోల్టే. ప్రొటెక్షన్ 'లో'కి మార్చాను. 'హై' ఇంజన్ బ్యాటరీ కోసం. లిథియంకు లోపలే బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూట్ ఉంది.

ఫ్రిజ్ చుట్టూ ప్లైవుడ్ పెట్టె మూసేయడం రెండో పొరపాటు. వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తూ కంప్రెసర్ ఆగకుండా తిరిగింది. కింద ఒకటి, పైన ఒకటి జాలీ కోయించి, పక్కల మూడు వేళ్ల ఖాళీ వదిలాకే విరామం దొరికింది.

ఛార్జింగ్‌కు 20 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ (బండి నడిచేటప్పుడు ఇంజన్ వైపు కరెంటుతో ఈ బ్యాటరీని నింపేది) పెట్టాను. మూడు గంటల ప్రయాణంలో దాదాపు ఒక రోజు ఖర్చు తిరిగొస్తుంది. పైన 150 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంది గానీ మే నెలలో అదొక్కటే చాలదు. వేడెక్కిన కొద్దీ ప్యానెల్ దిగుబడి తగ్గుతుంది, ఫ్రిజ్ తిండి పెరుగుతుంది. వేపచెట్టు కింద ఆపితే ఫ్రిజ్‌కు సుఖమే, ప్యానెల్‌కు పస్తు. అందుకే బయల్దేరే ముందు రాత్రి ఇంటి కరెంటుతోనే ఫ్రిజ్‌ను 4 డిగ్రీలకు దింపి, పెరుగు, పాలు ముందే చల్లబడ్డవే సర్దుతాను.