బుడగ చేసిన గొడవ

మీటర్ ముంచితే అంకె వచ్చేసే రోజుల్లో ఇంకా వింక్లర్ పద్ధతా అని నవ్వుతారు గానీ, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలవాలంటే నాకు ఇప్పటికీ అదే ఇష్టం. హంగరీ కెమిస్ట్ లాయోష్ వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతి అది.

సీసా అంచుదాకా నింపి, మాంగనీస్ సల్ఫేట్, ఆ వెంటనే క్షారం కలిపిన అయొడైడ్ వేసి, మూత బిగించి తలకిందులు చేస్తే గోధుమరంగు మడ్డి ఏర్పడుతుంది. తెల్లగానే ఉండిపోయిందా, ఆ నీళ్లలో ఆక్సిజన్ లేనట్టే. మడ్డి దిగాక సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే అదంతా కరిగి, ఉన్న ఆక్సిజన్‌కి సరిపడా అయొడిన్ బయటికొస్తుంది. ఇక థయోసల్ఫేట్‌తో టైట్రేషన్, అంటే అయొడిన్ అయిపోయేదాకా ఆ ద్రావణాన్ని చుక్కచుక్కగా వేసి, ఎంత ఖర్చైందో చూడటం. రంగు లేత గడ్డిరంగుకి వచ్చేదాకా స్టార్చ్ (అయొడిన్ తగిలితే నీలంగా మారే పిండిపదార్థం) జోలికి పోకూడదు, తొందరపడితే అయొడిన్ దాన్ని పట్టుకుని ఓ పట్టాన వదలదు. చివర్లో ముదురు నీలం ఒక్క చుక్కతో టక్కున మాయమవుతుంది చూడండి, దానికోసమే సగం ఇష్టం.

200 మి.లీ. నమూనాకి 0.025 నార్మల్ (గాఢతకి కొలత) థయోసల్ఫేట్ వాడితే ఖర్చైన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు 1 మి.గ్రా. ఆక్సిజన్ కింద లెక్క.

మొదటిసారి నాకు 9.2 వచ్చింది. 25 డిగ్రీల దగ్గర, మామూలు గాలి పీడనంలో, గాలి బాగా కలిసిన మంచినీళ్లలో ఉండాల్సింది సుమారు 8.3. ద్రావణాలన్నీ మళ్లీ కలుపుకున్నా, ఒకటే టెన్షన్. తీరా చూస్తే మూత కింద గాలిబుడగ! 300 మి.లీ. సీసాలో 1 మి.లీ. గాలి చిక్కినా లీటరుకు దాదాపు 0.9 మి.గ్రా. తేడా వచ్చేస్తుంది.

మురుగు కలిసిన నీళ్లయితే నైట్రైట్ కూడా లెక్క పెంచేస్తుంది, అందుకే అయొడైడ్‌లో సోడియం అజైడ్ కలుపుతారు. అది విషం, చేతులకి గ్లవ్స్ ఉండాల్సిందే.