తినకపోవడం వల్ల నొప్పా, నొప్పి వల్ల తినకపోవడమా

పదహారు పదిహేడేళ్ల పిల్ల నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందని కంచం ముందు నుంచి లేచి, కాసేపటికి పొట్ట పైభాగం పట్టుకుని ముడుచుకుపోతే మన ఇళ్లలో వినపడే మాటలు తెలిసినవే. గ్యాస్, పరీక్షల టెన్షన్, డైటింగ్ పిచ్చి, హాస్టల్‌కి వెళ్లడం ఇష్టంలేక నాటకం. మా మేనకోడలిని ఈ నాలుగూ అన్నారు, అన్నవాళ్లలో డాక్టర్లు కూడా ఉన్నారు. చివరికి తేలింది ఎస్‌ఎంఏ సిండ్రోమ్ అని.

గుండె నుంచి దిగే పెద్ద ధమని, బైపీసీ వాళ్ల బృహద్ధమని, వెన్నెముకకి ముందు ఆనుకుని ఉంటుంది. పేగులకి రక్తం పట్టుకెళ్లే కొమ్మ ఒకటి, సుపీరియర్ మెసెంటెరిక్ ఆర్టరీ, అదే ఈ ఎస్‌ఎంఏ, దాన్నుంచి చీలి ముందుకి, కిందికి వాలుతుంది. ఈ రెండింటి మధ్య సందులోంచే చిన్నపేగు మొదటి భాగం అడ్డంగా దాటాలి. మామూలుగా ఆ సందు 10 నుంచి 28 మిల్లీమీటర్లు ఉంటుందట. దాన్ని తెరిచి ఉంచేది ఏమిటంటే కొవ్వు, అందరం తిట్టుకునే ఆ కొవ్వే! ఒళ్లు ఉన్నట్టుండి చిక్కిపోతే ఆ మెత్త కరిగిపోతుంది, సందు 8 మిల్లీమీటర్ల లోపుకి వచ్చేస్తుంది, పేగు తలుపు సందులో పడ్డ వేలులా నలుగుతుంది. తిన్నది కిందికి దిగదు, పసరు వాంతులవుతాయి, వాంతులతో ఇంకా చిక్కుతారు, చిక్కేకొద్దీ సందు ఇంకా బిగుస్తుంది.

మా పిల్లకి మొదలైంది టైఫాయిడ్ తర్వాత. అప్పటికే ఎత్తు పెరిగి సన్నగా ఉండేది, జ్వరంతో ఉన్న కాస్త కండా పోయింది. గూని సరిచేసే వెన్నెముక ఆపరేషన్ తర్వాత, పెద్ద కాలిన గాయాల తర్వాత కూడా ఇది వస్తుంది. తిండి మానేసే మానసిక జబ్బు నిజంగా ఉన్నవాళ్లకీ రావచ్చు, కాబట్టి అది ఉందని చెప్పి నొప్పిని కొట్టిపారేయడానికి లేదు. జబ్బు కొత్తదేం కాదు, ఎడిన్‌బరోలో విల్కీ అనే సర్జన్ 1927లోనే 75 మంది రోగుల గురించి రాశాడు, అందుకే విల్కీ సిండ్రోమ్ అని కూడా అంటారు.

అల్ట్రాసౌండ్‌లో ఏమీ లేదన్నారు, ఎండోస్కోపీలో కాస్త గ్యాస్ట్రైటిస్ అన్నారు, మాత్రలు మారాయి అంతే. ఆ తర్వాత చూసిన సర్జన్ మాత్రం రిపోర్టులు పక్కనపెట్టి, "నొప్పి వచ్చినప్పుడు ఎలా పడుకుంటావమ్మా?" అని అడిగారు. బోర్లా, లేదంటే ఎడమ పక్కకి తిరిగి మోకాళ్లు ఛాతీకి ఆనించి అంది, వెల్లకిలా పడుకుంటే ప్రాణం పోతుందంది. బోర్లానో ఎడమ పక్కకో పడుకుంటే ఆ కొమ్మ కాస్త ముందుకి జరిగి పేగుకి ఊపిరాడుతుందట. వెంటనే రక్తనాళాలు స్పష్టంగా కనపడేలా కాంట్రాస్ట్ మందు ఇచ్చి సీటీ స్కాన్ తీయించారు, పక్కనుంచి చూసే బొమ్మలో రెండు రక్తనాళాలూ దాదాపు అతుక్కున్నట్టే ఉన్నాయి.

అయినా ముందు కత్తి పట్టలేదు. వాంతులతో పొటాషియం పడిపోయి ఉంది, అది మరీ తగ్గితే గుండె లయే తప్పుతుంది, కాబట్టి మొదట అది సరిచేశారు. తర్వాత ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, నలిగిన చోటు దాటించి, దాన్లోంచి ఆహారం పంపారు. బరువు పెరిగితే సందు దానంతటదే తెరుచుకుంటుంది, చాలామందికి అంతటితో సరిపోతుంది కూడా. మా పిల్లకి సరిపోలేదు, గొట్టం తీయగానే మళ్లీ వాంతులు. అప్పుడు లాప్రోస్కోపీలో అడ్డుపడ్డ చోటుకి ముందున్న పేగుని తర్వాతి పేగుకి కలిపి కుట్టారు, అంటే బైపాస్ లాంటిదే.

"పెళ్లి కావాల్సిన పిల్లకి పొట్ట కోయించారా" అని ఒక పెద్దమ్మ ఫోన్ చేసింది. మా అక్క ఫోన్ పెట్టేసింది, మంచి పని చేసింది.

ఇప్పుడు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటోంది, బరువు పెరుగుతోంది. హాస్టల్ మాన్పించారు. ఇంట్లో గొడవంతా ఇప్పుడు స్కూటీ కొనాలా వద్దా అని.