గ్రూప్-1 మెయిన్స్‌లో ఆర్థిక సంస్కరణలు: మారనివాటినీ చదవండి

తెలుగు మాధ్యమంలో గ్రూప్-1 మెయిన్స్‌కు సిద్ధమవుతున్న మిత్రుల కోసం, ముఖ్యంగా ఎకానమీ పేపర్ అంటే బెరుకు ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఆర్థిక సంస్కరణల అధ్యాయాన్ని నేను మొదట ఎలా చదివానో, తరువాత ఎందుకు మార్చుకున్నానో చెబుతాను. సిలబస్‌లో అది చిన్న అంశంలాగే కనిపిస్తుంది గానీ బ్యాంకింగ్, పన్నులు, వ్యవసాయం, విద్యుత్తు, విదేశీ వాణిజ్యం పాఠాలకు మూలాలు అక్కడే దొరుకుతాయి.

మొదటిసారి మెయిన్స్ రాసినప్పుడు నా నోట్స్‌లో సరళీకరణ, ప్రైవేటీకరణ, ప్రపంచీకరణ అనే మూడు శీర్షికలు, వాటి కింద నిర్వచనాలు, చివరన కొన్ని లాభనష్టాలు ఉండేవి. ఆ నోట్స్‌తో రాసిన జవాబు చదివితే, సంస్కరణల బడ్జెట్ వచ్చిన 1991 జులై 24 మర్నాడు తెల్లవారేసరికి దేశం పాత వ్యవస్థను పూర్తిగా వదిలేసిందని అనిపిస్తుంది. మార్కులు వచ్చాక ఆ జవాబులను గుర్తు తెచ్చుకుని మళ్లీ రాసి చూసుకున్నాను. ఏవి మారాయో కంఠస్థం చేశాను గానీ, ఏవి ఆలస్యంగా మారాయి, ఏవి ఇప్పటికీ మారలేదు అన్న ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదని అప్పుడు తెలిసింది.

రెండోసారి ముందుగా ఆ సంక్షోభ క్రమాన్ని అర్థం చేసుకున్నాను. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో చమురు ధరలు పెరిగాయి, గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు పంపే డబ్బు తగ్గింది, ప్రవాసులు ఇక్కడి బ్యాంకుల్లోని డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. 1991 మధ్యకు వచ్చేసరికి విదేశీ మారక నిల్వలు సుమారు రెండు వారాల దిగుమతులకే సరిపోయే స్థితికి చేరాయి. మే నెలలో స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నుల బంగారాన్ని, తిరిగి కొనుక్కునే వీలుతో స్విట్జర్లాండ్‌కు అమ్మారు. జులైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నులను బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టింది. జులై 1, 3 తేదీల్లో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. ఎగుమతులకు ఇచ్చే నగదు సబ్సిడీని కూడా అదే వారం రద్దు చేశారు. రూపాయి విలువ తగ్గితే ఎగుమతిదారుకు ప్రతి డాలరుకూ ఎక్కువ రూపాయలు వస్తాయి కనుక ఆ సబ్సిడీ అవసరం తగ్గింది, దానివల్ల ప్రభుత్వ బడ్జెట్ లోటు కొంత పూడింది. వేర్వేరు బిట్లుగా చదివిన రెండు నిర్ణయాలు ఇలా ఒకదానితో ఒకటి ముడిపడినవని తెలిశాక, తేదీలు గుర్తుంచుకోవడం నాకు భారం కాలేదు. పరిశ్రమల శాఖను పి.వి. నరసింహారావు గారు తన వద్దే ఉంచుకోవడం, కొత్త పారిశ్రామిక విధానాన్ని మన్మోహన్ సింగ్ గారి బడ్జెట్ ప్రసంగానికి కొన్ని గంటల ముందే సభ ముందుంచడం కూడా ఈ క్రమంలో భాగమే.

నా చదువును నిజంగా మార్చింది మాత్రం ఎరువుల విషయం. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, మట్టి పరీక్షలో భాస్వరం తక్కువని వచ్చినా, భాస్వరం ఇచ్చే డీఏపీ ఎరువు ఎందుకు వేయలేదని నాన్నను అడిగాను. "ఆ బస్తా డబ్బుకి అయిదు యూరియా బస్తాలొస్తాయిరా" అన్నారు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు వస్తుంటే 50 కిలోల డీఏపీ బస్తాకు 1,350 రూపాయలు పెట్టే రైతు దగ్గర ఆ మాటకు ఎదురు చెప్పలేము. ఈ తేడా ఎక్కడ మొదలైందో వెతికితే మళ్లీ 1991 జులై దగ్గరికే వెళ్లాను. ఆ బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. సొంత పార్టీ సభ్యుల నుంచే వ్యతిరేకత రావడంతో దాన్ని 30 శాతానికి తగ్గించి, సన్న, చిన్నకారు రైతులను మినహాయించారు. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువులపై ధరల నియంత్రణ ఎత్తివేసి, నత్రజని ఇచ్చే యూరియాపై మాత్రం ఉంచారు, పైగా దాని ధర 10 శాతం తగ్గించారు. దాంతో దేశంలో నత్రజని, భాస్వరం, పొటాష్‌ల వాడకం 1991-92లో 5.9:2.4:1 నిష్పత్తిలో ఉండగా మరుసటి ఏడాదే 9.5:3.2:1 అయింది. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ (ఎరువులోని పోషకాలను బట్టి ఇచ్చేది) వచ్చినప్పుడు కూడా యూరియాను అందులో చేర్చలేదు. ఈ మూడు పోషకాలకు ఆదర్శమని సాధారణంగా చెప్పే 4:2:1 నిష్పత్తి దేశం మొత్తానికి వేసుకున్న అంచనాయే తప్ప ప్రతి నేలకూ వర్తించే సూత్రం కాదు. జవాబులో దాన్ని జాగ్రత్తగా వాడండి.

ఆ తరువాత ప్రతి సంస్కరణకూ అది మొదలైన ఏడాది, ముగిసిన ఏడాది, ఆలస్యానికి కారణం రాసుకుంటూ ఒక పేజీ తయారు చేశాను. పరిశ్రమ పెట్టడానికి తీసుకోవలసిన లైసెన్సులు ఒక్క ప్రకటనతో 18 పరిశ్రమలకు పరిమితమయ్యాయి. వినియోగ వస్తువుల దిగుమతులపై పరిమాణ ఆంక్షలు (ఎంత తెచ్చుకోవచ్చో పెట్టే హద్దులు) మాత్రం, ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా వేసిన కేసులో మనం ఓడిపోయాక, 2001 ఏప్రిల్‌లో గానీ పూర్తిగా పోలేదు. చిన్న పరిశ్రమలకు కేటాయించిన ఎనిమిది వందలకు పైగా వస్తువుల్లో చివరి 20 వస్తువుల రిజర్వేషన్ 2015 వరకు ఉంది. రూపాయి 1994లో కరెంటు ఖాతాలో, అంటే వస్తువులు, సేవల వాణిజ్యం వంటి చెల్లింపులకు, మార్పిడికి వచ్చింది, మూలధన ఖాతాలో, అంటే పెట్టుబడులు, అప్పుల లావాదేవీలకు, నేటికీ పూర్తిగా రాలేదు. డాలర్ల కొరత తరిమినవి, ఢిల్లీలో ఒక్క ఉత్తర్వుతో తేలేవి త్వరగా జరిగాయి. నష్టపోయేవారు లక్షల్లో ఉన్నవి, రాష్ట్రాల చేతిలో ఉన్నవి నెమ్మదించాయి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే ఉదాహరణ కావాలంటే, 1998 విద్యుత్ సంస్కరణల చట్టంతో 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును విభజించడం సాధ్యమైంది గానీ, 2000లో ఛార్జీల పెంపు పెద్ద ఉద్యమానికి, హైదరాబాద్‌లోని బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు దారితీసింది.

మెయిన్స్‌కు సాధన చేసేటప్పుడు ఈ పేజీని ఎదురుగా పెట్టుకుని, సంస్కరణలను సమీక్షించమనే ప్రతి ప్రశ్నకూ ఎరువుల ఉదాహరణతో ఒక పేరా రాసేవాణ్ని. యూరియా ధర పెంచి, అలా మిగిలే సబ్సిడీ డబ్బును ఎకరానికి ఇంత చొప్పున రైతు ఖాతాలో వేయాలన్నది మొదట్లో నా ముగింపు. నాతోపాటు చదివే మిత్రుడొకరు ఆ పేరా చదివి, ఖాతా పట్టాదారుది, ఎరువు కొనేది కౌలు రైతు, మరి ఆ డబ్బు ఎవరికి చేరుతుందని అడిగాడు. అప్పటినుంచి కౌలు రైతును గుర్తించే ఏర్పాటు గురించి కూడా ఆ పేరాలో రాస్తున్నాను.